సొంత నెత్తురు చేసిన పని

సాంచా మీద నేస్తున్న తెల్ల గుడ్డపై రక్తపు చుక్కలు కనిపించినప్పుడు, అవి ఎవరివా అని నేను చుట్టూ చూశాను.

మా ఊళ్లో అప్పుడప్పుడే సాంచాలు, అంటే కరెంటుతో నడిచే మగ్గాలు, వస్తున్న కాలం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్లయింది. కరీంనగర్ జిల్లాలో మాది నేతగాళ్ల వాడ. మా బాపు చేమగ్గాన్ని వదల్లేక ఇంట్లోనే నేసేవాడు. నేను మాత్రం సాంచాలు పెట్టుకున్న ఒక ఆసామి దగ్గర పనికి కుదిరాను. అప్పటికి నాకు పెళ్లయి, నడక నేర్చుకుంటున్న ఒక కూతురు ఉంది.

గుడ్డ మీద చుక్కలు ముందు చూసింది ఆసామే. ఆ నెత్తురు ఎవరిదని అడిగాడు. పక్క సాంచా దగ్గరున్న ఇద్దరూ చేతులు చాపి చూపించారు. నేనూ చాపాను. నా ఎడమ చేతి చిటికెన వేలు పక్కన తోలు చీలి, లోపలి తెల్లటి కండ కనిపిస్తోంది. నెత్తురు మణికట్టు దాకా కారి ఎండిపోయింది కూడా. నేను ఆ చేతిని మరెవరిదో అన్నట్టు చూశాను.

"నొస్తలేదా?" అన్నాడు ఆసామి.

లేదన్నాను. పక్కనున్న వాళ్లలో ఒకరు నవ్వారు. ఆసామి నవ్వలేదు. ఒక అడుగు వెనక్కి వేశాడు. గాయం మానేదాకా పనికి రావద్దన్నాడు. ఆయనకు విషయం అప్పుడే అర్థమైందని నాకు చాలా తర్వాత తెలిసింది.

ఇంటికి వెళ్లి నా భార్యకు చేయి చూపించాను. ఆమె నా చేతిని కాక నా ముఖాన్ని చూసింది. ఎడమ చెంప మీద, కంటికి కాస్త కింద, కొన్ని నెలలుగా ఒక పాలిపోయిన మచ్చ ఉంది. కడుపులో పురుగుల వల్ల వచ్చిందని మా అవ్వ, అంటే మా అమ్మ, వేపాకు రసం తాగించేది. అలాంటిదే ఇంకోటి మోచేతి కింద ఉంది. నా భార్య ఆ మచ్చ మీద గిల్లింది. నేను ఊరికే చూస్తూ నిలబడ్డాను. ఇంకా గట్టిగా గిల్లింది. అప్పుడు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకేడుస్తున్నావని అడిగాను.

కరీంనగర్ సర్కారు దవాఖానలో డాక్టరు నన్ను కళ్లు మూసుకొమ్మన్నాడు. సూది తాకినప్పుడల్లా అవునని చెప్పమన్నాడు. నేను కళ్లు మూసుకుని ఎదురుచూస్తూ కూర్చున్నాను. చాలాసేపు ఏమీ తాకలేదు. బయటికి వెళ్లిపోయాడేమో అనుకుని కళ్లు తెరిచాను. ఆయన నా ఎదురుగానే ఉన్నాడు. నా చేతి మచ్చ మీద సన్నటి నెత్తుటి చుక్కలు వరసగా ఉన్నాయి. సూది ఇంకా చర్మంలోనే ఉంది.

ఆయన జబ్బు పేరు మొదట ఇంగ్లీషులో చెప్పాడు. నాకు తెలియలేదు. తర్వాత ఉర్దూలో 'జుజామ్' అన్నాడు, అంటే కుష్ఠు. నేను చదివింది ఉర్దూ మీడియంలో. ఆ మాట అర్థమైంది. మా వాడలో దాన్ని పేరు పెట్టి పిలవరు, పెద్దరోగం అంటారు. అది వచ్చినవాణ్ని గుడి మెట్ల దగ్గర చూడటమే తప్ప, మగ్గం ముందు కూర్చుని ఉండగా ఎవరూ చూసి ఉండరు.

గోదావరి అవతల ఆదిలాబాద్ జిల్లాలో మిషన్ వాళ్ల దవాఖాన ఒకటుందనీ, అక్కడ దీనికి మందు ఇస్తారనీ ఆ డాక్టరే చెప్పాడు. ధర్మపురి దాకా బస్సు, అక్కడినుంచి పడవ. నా భార్య ఇంట్లో ఉండనంది. పిల్లను అవ్వకు అప్పజెప్పి నాతో వచ్చింది.

అక్కడి డాక్టరమ్మ మన వైపు మనిషే. చర్చిలో ప్రసంగం చేసే ఆయన కూతురట. యాభై దాటి ఉంటాయి. నా మోచేతి లోపలి వైపు, ఎముక పక్కన, వేలు పెట్టి ఏదో వెతికింది. అక్కడ ఒక తాడులాంటిది ఉబ్బి ఉందనీ, అది నరమనీ, మామూలుగా అంత లావు ఉండదనీ చెప్పింది. అయినా తొందరగానే వచ్చానంది. తెల్లటి గోలీలు ఇచ్చింది. కొన్నేళ్లు మింగాలి, ఒక్కరోజు కూడా మానకూడదు. నా భార్యకూ ఒళ్లంతా చూసి, ఏమీ లేదని పంపింది.

మందు పనిచేసింది. రెండు మూడు నెలల్లో చెంప మీది మచ్చ అంచులు కలిసిపోవడం మొదలైంది. బాపు మగ్గం మీద నేయడం మళ్లీ మొదలుపెట్టాను. అవ్వ వేపాకు రసం వల్లేనంది. నేను కాదనలేదు. ఆ కొన్ని వారాలు మా ఇంట్లో పండగలా గడిచాయి.

వానాకాలం చివర ఒకనాడు పొద్దున్నే లేచి ముఖం కడుక్కుంటున్నాను. పుక్కిలించబోతే నీళ్లు నోట్లో నిలవలేదు. ఎడమ వైపు పెదవి చివరనుంచి వాటంతటవే కారిపోయాయి. ఇంకోసారి నోట్లో పోసుకున్నాను. మళ్లీ కారిపోయాయి. నా భార్య చెంబు అక్కడే వదిలేసింది.

"నీ మొఖమేందట్లయింది?" అంది.

అద్దం తెచ్చి పట్టింది. ముఖంలో సగం నాది, సగం కిందికి జారిపోయిన మరెవరిదో. ఎడమ కన్ను మూయమంటే మూసుకోవడం లేదు. రెప్ప సగంలో ఆగిపోయి, తెల్లగుడ్డు మాత్రం పైకి తిరుగుతోంది. దాదాపు మాయమైన మచ్చ ఎర్రగా కమిలి, చేత్తో తడిమితే తెలిసేంత ఎత్తుకు లేచింది. అప్పటిదాకా చెంప గురించే ఆలోచిస్తున్నాను. అద్దం నా చేతికి తీసుకోబోయి చూస్తే, ఎడమ చేతి చివరి రెండు వేళ్లు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. కుడి చేత్తో వాటిని సాపు చేశాను. వదలగానే మళ్లీ ముడుచుకున్నాయి. మోచేతి దగ్గరనుంచి చిటికెన వేలు దాకా, నెలలుగా స్పర్శే తెలియని ఆ దారి వెంట, నిప్పు పాకినట్టు నొప్పి మొదలైంది.

రోగం ఉన్నన్నాళ్లూ నాకు నొప్పి లేదు. బాగవుతున్నదనుకున్నాక వచ్చింది. ఇది నాకు మింగుడు పడలేదు. వాడలో అందరూ ఒకటే మాట అన్నారు, మిషన్ వాళ్ల గోలీలు విషమని. అవ్వ సీసా పట్టుకెళ్లి పెరట్లో పారబోసింది. నేను ఆపలేదు. నేనూ అదే అనుకున్నాను. పక్క ఊళ్లో మంత్రం వేసే ఒకాయన దగ్గరికి పోదామని బాపు బండి కట్టబోయాడు. అడ్డుపడింది నా భార్య ఒక్కతే.

"పడవెక్కుదాం. గామె ముంగటనే కూసోని అడుగుదాం, ఏం పెట్టిందో," అంది.

కోపంతోనే బయల్దేరాం. గోదావరి నిండుగా ఉంది. పడవ వాళ్లు ఆ రోజు దాటించలేమన్నారు. ధర్మపురిలో ఒక సత్రం అరుగు మీద ఆ రాత్రి ఉండి, మర్నాడు దాటాం. దారి పొడవునా కన్ను మూతపడక దుమ్ము పడుతుంటే నా భార్య తన కొంగుతో అడ్డం పట్టుకుంది.

డాక్టరమ్మ నన్ను చూడగానే కుర్చీలోంచి లేచింది. "అమ్మా, నీ గోలీలే నన్నిట్ల చేసినయి," అన్నాను. ఆమె జవాబు చెప్పకుండా మోచేతి నరం మీద వేలు పెట్టింది. నేను అరిచిన అరుపుకు బయటి వాళ్లు తలుపు దగ్గరికి వచ్చారు. ఆమె నర్సును పిలిచి గబగబా ఏవో చెప్పింది. ఇంకో రకం గోలీలు అక్కడికక్కడే మింగించారు. చేయి కదలకుండా పట్టీ వేసి కట్టారు. కంట్లో నూనె చుక్కలు వేసి గుడ్డతో మూశారు. ఇంత హడావుడి అయ్యాకే ఆమె స్టూలు లాక్కుని మా ఎదుట కూర్చుంది.

"గోలీలు చెయ్యలే తమ్మీ. రోగం గూడ చెయ్యలే. గిది నీ నెత్తురు చేసిన పని," అంది.

అర్థం కాలేదు. ఆమె ఓపికగా చెప్పింది. ఈ రోగపు పురుగు కంటికి కనిపించనిది. అది నరాల లోపలి కణాల్లో దూరి, ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా ఉంటుంది. నెత్తుట్లో తెల్ల కణాలుంటాయి, ఒంట్లోకి వచ్చిన పురుగును చంపడం వాటి పని. కానీ ఇన్నాళ్లూ అవి ఈ పురుగును సరిగ్గా పట్టించుకోలేదు. మందు పడ్డాక పురుగులు చచ్చి ముక్కలవుతుంటే తెల్ల కణాలకు ఒక్కసారిగా తెలిసింది. ఎక్కడెక్కడ దాక్కున్నాయో కనిపెట్టి అన్నీ కలిసి మీద పడ్డాయి.

"పురుగును ఒక్కదాన్నే చంపుతలేవు. అది దూరిన కణాన్ని సుత చంపుతున్నయి. గా కణం నీ నరం. నరం పోతే ఏలు లేవదు, కన్ను మూతపడదు."

నా చిన్నప్పుడు, రజాకార్ల రోజులు పోయాక కూడా మా వైపు అలజడి చల్లారని కాలంలో, ఊరి చివర ఒక ఇల్లు కాలుతుంటే చూశాను. లోపల ఎవరో దాక్కున్నారని తుపాకుల వాళ్లు నిప్పు పెట్టారు. ఆ ఇంటావిడ తన చాట, తన రోకలి బయటికి తెచ్చుకోవడానికి కూడా వీల్లేకపోయింది. డాక్టరమ్మ చెబుతుంటే నాకు ఆ పొగ వాసనే తగిలింది. ఆ మాట ఆమెతో అన్నాను. ఆమె, ఆ కణాలు లేకపోతే మనిషి పుట్టిన వారానికే చచ్చిపోతాడని మాత్రం చెప్పింది.

నన్ను వార్డులో పెట్టుకున్నారు. నా భార్య పిల్ల కోసం వెనక్కి వెళ్లాలి. వెళ్లేముందు డాక్టరమ్మ ఆమె ముంజేతికి చిన్న సూది మందు ఒకటి వేసింది. పరీక్ష కోసమని, నెల నాటికి వచ్చి చేయి చూపించాలని చెప్పింది. నా కంగారులో నేనూ, ఏడుపులో ఆమె, అది దేని కోసమో సరిగ్గా వినలేదు.

వార్డులో నా పక్క మంచం మీద భైంసా వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉండేవాడు. పత్తి చేలల్లో బతికిన మనిషి. రెండు చేతుల వేళ్లూ పక్షి గోళ్లలా వంగిపోయి, కొన్ని అరిగి పొట్టివైపోయాయి. చెంబును రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని తాగేవాడు. నన్ను మరాఠీలో 'భావూ', అంటే తమ్ముడా, అని పిలిచేవాడు. అందరినీ నవ్వించే ఆ మనిషి, డాక్టరమ్మ నాకు చెప్పినదంతా తన మంచం మీదనుంచి విన్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. ఏమైందని అడిగితే చెప్పాడు.

"నాగ్గూడ గిట్లనే అయింది భావూ, నీ ఈడుల. జ్వరం, సలుపు, ఒక్క వారంల చేతులు పడిపోయినయి. దేవుడు తిన్నడనుకున్న. రోగం తిన్నదనుకున్న. గిన్నేండ్లు తిట్టుకుంట బతికిన. నా ఒళ్లే తిన్నదని గిప్పుడు చెప్తుంది."

ఆయన తన చేతులను మోకాళ్ల మీద పెట్టుకుని, మొదటిసారి చూస్తున్నట్టు చూసుకున్నాడు. ఆయన కాలంలో ఈ రెండో రకం గోలీలు లేవు. మరి ఎవరిని తిట్టాలని నన్ను అడిగాడు.

నాకు ఇంకా నమ్మకం కుదరలేదని డాక్టరమ్మకు తెలిసినట్టుంది. ఒక మధ్యాహ్నం తన గదికి పిలిచి, సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టింది. గాజు పలక మీద ఉన్నది వేరే ఒక రోగి నరంలోంచి ఆపరేషన్‌లో తీసిన చిన్న ముక్క అని చెప్పింది. మంచి కన్ను ఆనించి చూశాను. ఊదారంగు గుండ్రటి చుక్కలు, జాతరలో తలల్లా, ఒకదాన్నొకటి తోసుకుంటూ గుంపులు గుంపులుగా ఉన్నాయి. అవే తెల్ల కణాలంది. నరం ఎక్కడుందని అడిగాను. గుంపు నడుమ, కొరికేసినట్టు మిగిలిన రెండు మూడు పోగులు చూపించింది. నేను నేతగాణ్ని. పోగులు తెగితే ఎలా ఉంటాయో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

తర్వాత పురుగులను వెతకమంది. ఎర్రటి సన్నటి పుల్లల్లా ఉంటాయని గుర్తు చెప్పింది. పలకను అటూ ఇటూ జరుపుతూ మెడ నొప్పి పుట్టేదాకా వెతికాను. ఒక్కటీ దొరకలేదు. ఆమె కూడా చాలాసేపు వెతికి ఒకే ఒక్కదాన్ని చూపించింది, అదీ విరిగిపోయినది.

"గీ నాలుగు పురుగులకా ఇంత?" అన్నాను.

"గందుకే చూపిచ్చిన," అంది.

గదిలోంచి బయటికి వచ్చి వరండాలో కూలబడ్డాను. పరాయివాడు కొడితే కోపం వస్తుంది, తిరిగి కొట్టాలనిపిస్తుంది. నా లోపల నాకు తెలియకుండా, నా మంచి కోసమే అనుకుంటూ నన్ను కూల్చుతున్నదాన్ని ఏం చేయాలి? ఎడమ చేతిని ఒళ్లో పెట్టుకుని, అందులో పారుతున్న నెత్తురు గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. అన్నం తిన్నా, నిద్రపోయినా అది తన పని తాను చేసుకుపోతూనే ఉందన్న ఊహ చాలా రోజులు నన్ను వదల్లేదు. మరో సంగతి నేను ముసలివాణ్నయ్యాక తెలుసుకున్నాను. ఆ తెల్ల కణాల్లో ఒక రకం, రోగం సోకిన కణాన్ని ఆనుకుని నిలబడి, నువ్వు చచ్చిపో అని సైగ చేస్తుందట. ఆ కణం తనంతట తానే లోపల్నుంచి కూలిపోతుందట. డాక్టరమ్మ కాలానికి ఇదంతా ఇంత వివరంగా తెలియదు.

కొత్త గోలీలు ఆ కణాల ఉద్ధృతిని తగ్గించేవి. నొప్పి వారంలో తగ్గింది. అయితే అవి మింగుతున్నన్నాళ్లూ వేరే జబ్బు ఏది తగిలినా ఎదిరించేవాళ్లు తక్కువగా ఉంటారు కాబట్టి, దగ్గు వచ్చినా జ్వరం వచ్చినా వెంటనే చెప్పాలని హెచ్చరించారు. తెల్ల గోలీలు మాత్రం ఆపలేదు. రోజూ పొద్దున ఒక నర్సు నా వేళ్లకు నూనె రాసి ఒక్కోదాన్ని సాగదీసేది. కళ్లు గట్టిగా మూయమనేది. ఎడమ రెప్ప వెంట్రుకవాసి చొప్పున కిందికి దిగేది.

నెల కాకముందే ఒక మధ్యాహ్నం నా భార్య వార్డు గుమ్మంలో కనిపించింది. పిల్లను తేలేదు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. నా దగ్గరికి రాకుండా దూరంగానే నిలబడి, రవిక చెయ్యి పైకి జరిపింది. ముంజేతి మీద, సూది వేసిన చోట, రేగిపండంత ఎర్రటి గడ్డ. నడిమిలో చిట్లి రసి కారుతోంది.

"నాకు గూడ వచ్చింది," అంది. "పిల్లను అవ్వకిచ్చిన. ఇగ ముట్టుకోను."

ఇంటికి నేను తెచ్చిన రోగం కాదు, ఇక్కడ సూదితో ఎక్కించిన రోగమని మొదట తోచింది. కట్టిన చేత్తోనే లేచి డాక్టరమ్మ గది దాకా పరుగెత్తాను. నా వెనకే భైంసా పెద్దాయన వచ్చాడు.

డాక్టరమ్మ ఆ గడ్డను చూసింది. చిన్న కొలబద్ద ఆనించి చూసింది. తర్వాత నా భార్య రెండు భుజాలూ పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది.

"బిడ్డా, నీకు రాలే. నీకు రాదు సుత. నేనేసింది చచ్చిన పురుగులతోని జేసిన మందు. నీ ఒళ్లు వాటిని గుర్తువట్టి మీద పడ్డది. గందుకే గడ్డ లేచింది. లేవకపోతే నేను ఫికర్ జేస్తుంటి."

నా భార్య నమ్మలేక నా వైపు చూసింది. డాక్టరమ్మ మళ్లీ మొదట్నుంచి చెప్పింది. నాతో ఒకే ఇంట్లో, ఒకే చాప మీద ఉన్న మనిషిలోకి ఈ పురుగు చాలాసార్లు పోయే ఉంటుంది. వెళ్లిన ప్రతిసారీ ఆమె తెల్ల కణాలు దాన్ని, అది దూరిన కణాన్ని, అక్కడికక్కడే ముగించేశాయి. ఆమెకు తెలియను కూడా తెలియలేదు. లోకంలో చాలామందికి ఇలాగే జరుగుతుందట. ఆలస్యంగా మేల్కొన్న నాలాంటి వాళ్లకే ఇంత విధ్వంసం.

నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. నా ముఖాన్ని పడగొట్టినదే నా భార్యను కాచింది. ఇన్ని రోజులుగా దేన్నైతే నా ఒంట్లోంచి తోడి పారబోయాలనుకున్నానో, అదే నా బిడ్డకు కూడా ఉండాలని ఆ క్షణంలో కోరుకున్నాను. రెండూ ఒకే పని అని తల ఒప్పుకుంటోంది కానీ, మనసు ఒప్పుకోవడానికి నిరాకరించింది. నా భార్య ఆ గడ్డ లేచిన చేతిని తన ముఖానికి ఆనించుకుని ఏడ్చింది. పెద్దాయన గుమ్మంలో నిలబడి, "మంచి గడ్డ, మంచి గడ్డ," అని తనలో తను అనుకుంటూ వెళ్లిపోయాడు.

చలికాలం పోయేసరికి కన్ను పూర్తిగా మూతపడసాగింది. నవ్వితే మాత్రం ముఖం ఇప్పటికీ కుడి వైపుకే లాగుతుంది. ఉంగరపు వేలు సాపయింది. చిటికెన వేలు కాలేదు. స్పర్శ కొంత తిరిగొచ్చింది, కొంత రాలేదు. ఆసామి నన్ను మళ్లీ పనిలోకి తీసుకోలేదు. నేనొస్తే మిగతావాళ్లు రారన్నాడు, ఆ మాట చెప్పేటప్పుడు నేల చూశాడు. దవాఖానలో కట్టుగుడ్డలు నేయడానికి రెండు చేమగ్గాలు ఉండేవి, నడిపే మనిషి లేడు. నా భార్య పిల్లను తీసుకుని గోదావరి దాటి వచ్చేసింది. ఆవరణ బయట ఒక పెంకుటిల్లు కట్టుకున్నాం. పిల్ల అక్కడే బడికి పోయింది. ఆమెకూ ఈ రోగం రాలేదు.

భైంసా పెద్దాయన ఇంకో రెండు వానాకాలాలు బతికాడు. తనవాళ్లు ఎవరూ రాలేదు. చివరి రోజుల్లో నేను అన్నం కలిపి పెడుతుంటే, నా వంకర వేలును తన అరచేతి మొండితో తడిమేవాడు. ఒకసారి, "నీదైనా ఆగింది భావూ," అన్నాడు. అందులో అసూయ లేదు. అదే నన్ను ఎక్కువ కలచివేసింది.

తర్వాతి ఏళ్లలో అలాంటి మంట లేచిన వాళ్లు ఎందరో అక్కడికి వచ్చారు. అందరిదీ ఒకే మాట, గోలీలు విషమని. కొందరు గోలీలను దారిలోనే గోదావరిలో పారేసి వచ్చేవాళ్లు. డాక్టరమ్మ వాళ్లకు మందు మింగించి, చెయ్యి కట్టి, ఆ తర్వాత మగ్గాల గదికి పంపేది. నేను పోగుల మధ్య అటూ ఇటూ తిరిగే నాడె ఆపి, వాళ్ల కోసం స్టూలు జరిపి, నాకేం జరిగిందో మొదట్నుంచీ చెప్పేవాణ్ని. మీ నెత్తురే మీ నరాన్ని తింటున్నదనే చోటికి వచ్చేసరికి ప్రతి ముఖమూ ఒకేలా మారేది. ఆ మాటను మెత్తగా చెప్పే దారి నాకెప్పుడూ దొరకలేదు.